గడ్డకట్టే గ్యారేజీలో మిల్ స్కేల్ వదిలించడం: నిమ్మ ఉప్పు, వెనిగర్, డిస్కులు వాడి చూశాక నా రివ్యూ

ముందు అసలు మాట చెప్పేస్తాను. చలి గ్యారేజీలో ఇనుము మీద మిల్ స్కేల్ (వేడిగా రోలింగ్ చేసేటప్పుడు పైన గట్టిగా పట్టే నీలం నలుపు పెచ్చు) ఊడగొట్టాలంటే ఏ యాసిడ్ కొనాలా అని జుట్టు పీక్కోవడం అనవసరం, ఆ యాసిడ్‌ని వెచ్చగా ఉంచే ఏర్పాటు మీ దగ్గర ఉందా లేదా అన్నదే పని తేలుస్తుంది. ఈ చలికాలం నేను వాడిన వాటిలో ఆన్‌లైన్‌లో తెప్పించిన 5 పౌండ్ల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్ పొడి) సంచికి 5కి 4 ఇస్తాను. కిరాణా వెనిగర్‌కి 2. 'మిల్ స్కేల్ కోసమే' అని రాసి అమ్ముతున్న ఒక ఫ్లాప్ డిస్కుకి (గ్రైండర్‌కి బిగించే, గరుకు రేకులున్న డిస్కు) ఒకటి ఇవ్వడం కూడా దండగే. 36 గ్రిట్ (ఈ నంబరు తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ) సిరామిక్ ఫైబర్ డిస్కుకి మాత్రం నాలుగున్నర.

నేనుండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్క ఊళ్ళలో. ఇంటికి ఆనుకున్న గ్యారేజీ, హీటింగ్ లేదు, జనవరిలో బయట మైనస్ 10కి పోయే రాత్రులు మామూలే, లోపల సున్నాకి అటూ ఇటూ ఉంటుంది. పగలు ఆఫీసు ఉద్యోగం, వారాంతాల్లో వెల్డింగ్ సరదా: ర్యాకులు, బల్లలు, పెరట్లో తీగలు పాకే ట్రెల్లిస్ లాంటివి. దగ్గర్లోని స్టీల్ యార్డ్ నుంచి హాట్ రోల్డ్ (ఎర్రగా కాల్చి రోల్ చేసిన) ఫ్లాట్లు, యాంగిళ్ళు తెచ్చుకుంటాను, ఎందుకంటే కోల్డ్ రోల్డ్ (చల్లారాక రోల్ చేసినది) ధర చూస్తే గుండె ఆగుతుంది. హాట్ రోల్డ్ కొంటే ఆ నీలం నలుపు పెచ్చు ఉచితంగా వస్తుంది.

విజయవాడ ఆటోనగర్‌లో ఏళ్ళ తరబడి ఫ్యాబ్రికేషన్ చేసిన మా బాబాయికి ఫోన్ చేసి ఈ గోల చెబితే, "ఒరేయ్, దానికింత చదువెందుకురా, యార్డ్‌లో రెండు వానలు తడవనిస్తే అదే ఊడుతుంది, ఆపైన ఓ బ్రష్ కొట్టి రెడ్ ఆక్సైడ్ వేసెయ్" అన్నాడు. "బాబాయ్, ఇక్కడ పడేది వాన కాదు, మంచు, ఆ మంచు మీద ఉప్పు" అంటే నవ్వాడు. ఆయన చెప్పిందాంట్లో నిజం లేకపోలేదు, వెనకటి నుంచీ బయట పడేసి తుప్పు పట్టించి పెచ్చు వదిలించడం ఉన్నదే. కానీ అలా వదిలించిన ఇనుము మీద గుంటలు మిగులుతాయి. మనూళ్ళలో కొత్త గేటుకి వేసిన రంగు రెండేళ్ళు తిరక్కుండానే పెచ్చులుగా లేచి, ఆ పెచ్చు వెనక్కి తిప్పి చూస్తే నల్లగా మెరుస్తూ కనిపించడం మీరూ చూసే ఉంటారు. ఆ నలుపే మిల్ స్కేల్. రంగు దానికి బాగానే అంటుకుంది, అది ఇనుముని వదిలేసింది.

ఇది తుప్పు కాదు, ఈ తేడా తెలియకపోతే డబ్బులు తగలేస్తారు. ఇనుముని రమారమి 1100, 1200 డిగ్రీల్లో రోలింగ్ చేసేటప్పుడు పైపొర గాలితో కలిసి మూడు పొరల ఆక్సైడ్‌గా మారుతుంది. అన్నిటికన్నా లోపల వుస్టైట్, మధ్యలో మాగ్నటైట్, పైన పల్చగా హెమటైట్. వుస్టైట్ యాసిడ్‌కి తొందరగా లొంగుతుంది. పైన ఉన్న రెండూ మొండివి, పైగా మాగ్నటైట్ మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ఇనుము కన్నా గట్టిది. అంటే యాసిడ్ పైనుంచి పొరని కరిగించుకుంటూ పోదు, పగుళ్ళలోంచి లోపలికి దూరి, అడుగున ఉన్న వుస్టైట్‌ని, కాస్త ఇనుముని తిని, అక్కడ పుట్టే హైడ్రోజన్ బుడగల తోపుతో పెచ్చుని పైకి లేపుతుంది. ఈ ఒక్క సంగతి బుర్రలో పెట్టుకుంటే ఏ మందు ఎందుకు పనిచేస్తుందో, ఏది చేయదో మీకే అర్థమవుతుంది.

ఇంకో ఇబ్బంది, పెచ్చు అలాగే వదిలేస్తే ఎక్కడ పగిలిందో అక్కడ తడి తగిలి, చిన్న బ్యాటరీలోలా పెచ్చు కాథోడ్‌గా, బయటపడ్డ ఇనుము (కరిగిపోయే) యానోడ్‌గా మారి ఆ చిన్న చోటే లోతుగా గుంట పడుతుంది. లోపల పెట్టుకునే ర్యాక్‌కి పెద్ద పట్టింపు లేదు, బయట పెట్టే దేనికైనా ఉంది.

సరే, వెనిగర్. అందరూ మొదట చెప్పేది ఇదే. 5 శాతం ఎసిటిక్ యాసిడ్, గ్యాలన్ మూడు నాలుగు డాలర్లు, ఏ కొట్లోనైనా దొరుకుతుంది. వేసవిలో పనిచేస్తుంది, అందులో అబద్ధం లేదు, హైదరాబాద్ మే నెలలో మేడ మీద పెడితే ఇంకా బాగా చేస్తుందేమో. జనవరి గ్యారేజీలో మాత్రం ముక్కని బకెట్లో వేసి రోజూ పోయి చూడటమే, బుడగ లేదు, మార్పు లేదు. మొదటే బలహీనమైన యాసిడ్, దానికి తోడు చలి. రసాయన చర్యలకి ఒక మోటు లెక్క ఉంది, వేడి 10 డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపవుతుందని. ఆ లెక్కన 3 డిగ్రీల బకెట్‌కీ 43 డిగ్రీల బకెట్‌కీ మధ్య తేడా 16 రెట్లు. అంటే వెచ్చటి చోట ఒక రాత్రిలో అయ్యే పని చలిలో వారాల మీద పడుతుంది. ఈలోగా గ్యారేజీ అంతా వాసన, కారెక్కితే కారులో వాసన, ఇంట్లోకొస్తే "ఆ పచ్చడి బకెట్ ఎప్పుడు తీస్తావు" అని సాధింపు. తోటపనికని అమ్మే 30 శాతం వెనిగర్ కూడా ఉంది, దానితో పని తొందరగా అవుతుంది కానీ ఆ ఘాటు కళ్ళకీ ఊపిరితిత్తులకీ మంచిది కాదు, తలుపు మూసుకునే చలికాలంలో అసలే వద్దు.

నిమ్మ ఉప్పుకి వాసన లేదు, సగం మార్కులు అక్కడే కొట్టేసింది. సిట్రిక్ యాసిడ్ ఎసిటిక్ కన్నా బలమైనది, పైగా కరిగిన ఇనుముని పట్టి ఉంచుకునే గుణం ఉంది. ఇండియన్ స్టోర్లో పాలు విరగ్గొట్టడానికి అమ్మే చిన్న పొట్లాలు కొనకండి, గిట్టుబాటు కాదు, 5 పౌండ్ల సంచి సుమారు 20 డాలర్లకి వస్తుంది. కొలత తేలిక, లీటరు నీళ్ళకి 100 గ్రాములు, అంటే రమారమి 10 శాతం. ఒక సంచి 22 లీటర్లకి సరిపోతుంది, అంటే 5 గ్యాలన్ల ఆరెంజ్ బకెట్ నిండగా ఇంకాస్త మిగులుతుంది. 5 శాతంతో కూడా పని జరుగుతుంది, నిదానంగా.

ముక్క వేసే ముందు రెండు పనులు చేయాలి, ఇవి చేయనివాళ్ళే తర్వాత "పనిచేయలేదు" అని ఒక స్టార్ ఇస్తుంటారు. ఒకటి, గిన్నెల సబ్బుతో వేడినీళ్ళలో బాగా కడగాలి, యార్డ్ నుంచి వచ్చిన ఇనుము మీద నూనె ఉంటుంది, నూనె ఉన్నచోట యాసిడ్ తడపదు. రెండోది, గ్రైండర్‌కి ముతక డిస్క్ పెట్టి పెచ్చు మీద అడ్డదిడ్డంగా గీతలు పెట్టాలి. మొత్తం తీయక్కర్లేదు, గీతలు ఇనుము దాకా దిగితే చాలు, యాసిడ్‌కి దారి దొరుకుతుంది. ఇలా గీసిన అర అంగుళం ఫ్లాట్ ముక్కని వెచ్చటి నిమ్మ ఉప్పు నీళ్ళలో దించితే కాసేపటికే గీతల వెంబడి సన్నటి బుడగల వరస లేస్తుంది, ఇంకాసేపటికి గీత అంచుల్లో నలుపు లేచి చిన్న చిన్న రేకులుగా ఊడి అడుగుకి చేరుతుంది. పొద్దున్న తీసి చూస్తే మెరుపేమీ ఉండదు, ముక్కంతా మసి పూసినట్టు నల్లగానే ఉంటుంది, చూసి కంగారు పడకండి. బొటనవేలితో రుద్దితే (గ్లవ్స్ వేసుకునే) ఆ మసి వేలికి వచ్చేసి కింద బూడిదరంగు ఇనుము బయటపడుతుంది. గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచుతో పారే నీళ్ళ కింద రెండు లాగులు లాగితే శుభ్రం. ఎక్కడైనా నీలం మచ్చ గట్టిగా మిగిలితే ఇంకాసేపు వేయండి. అలాగని మర్చిపోయి రోజుల తరబడి వదిలేయకూడదు, పెచ్చు పోయాక యాసిడ్ ఇనుమునే తింటుంది, పైన పసుపుపచ్చ గార కూడా కడుతుంది.

వెచ్చగా ఎలా ఉంచాలి అన్నదే మొత్తం కథ. నేను వాడేది పిక్నిక్‌కి కూల్ డ్రింకులు పెట్టుకెళ్ళే పాత ఐస్ బాక్స్. చలిని బయటికి పోనివ్వనిది వేడిని మాత్రం ఎందుకు పోనిస్తుంది? ఇంట్లో వేడినీళ్ళ కుళాయి నీళ్ళు ఇక్కడ దగ్గరదగ్గర 49 డిగ్రీలుంటాయి, అవి పట్టుకొచ్చి నిమ్మ ఉప్పు కలిపి, ముక్కల్ని కూడా ముందు ఇంట్లో వెచ్చబెట్టి అప్పుడు వేస్తే (ఇది ముఖ్యం, సున్నా డిగ్రీల ఇనుప దుంగని దించితే నీళ్ళ వేడంతా అదే తాగేస్తుంది) తెల్లారేదాకా గోరువెచ్చగా ఉంటుంది. లోపల ప్లాస్టిక్ కాబట్టి యాసిడ్ ఏమీ చేయదు. ఒక్కటే జాగ్రత్త, మూతని బిగించకండి. లోపల పుట్టేది హైడ్రోజన్, దానికి బయటికి పోయే సందు కావాలి, ఆ పక్కన గ్రైండర్ నిప్పులు, వెల్డింగ్, గ్యాస్ గీజర్ మంట ఏదీ ఉండకూడదు. ఈ కారణంగానే గీజర్ ఉన్న బేస్‌మెంట్ గదిలో పెట్టే ఆలోచన నేను మానుకున్నాను.

అక్వేరియం హీటర్ పెట్టమని కొందరు చెబుతారు. చేపల హీటర్లు సాధారణంగా 32, 34 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి, ఆ వేడి కూడా పనికొస్తుంది. కానీ గాజు గొట్టం, పక్కన ఇనుప ముక్కలు, యాసిడ్ నీళ్ళలో కరెంటు. పగిలిందంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? జీఎఫ్‌సీఐ ప్లగ్ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది) లేకుండా ఆ ప్రయోగం చేయొద్దు. చిన్న ముక్కలైతే సెకండ్ హ్యాండ్ షాపులో దొరికే స్లో కుక్కర్ నయం, ఒకసారి దీనికి వాడాక అందులో పప్పు వండకూడదు అంతే.

పొడుగు ఫ్లాట్లకి బకెట్ చాలదు. నాలుగంగుళాల పీవీసీ పైపు ఒక చివర క్యాప్ అతికించి నిలబెట్టి, చుట్టూ పాత దుప్పటి చుడితే పని అవుతుంది. మరుగుతున్న నీళ్ళు మాత్రం పోయకండి, పీవీసీ 60 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. నిలబెట్టిన పైపుని గోడకి కట్టేయండి, నిండుగా ఉన్నది పడితే గ్యారేజీ ఫ్లోర్ కాంక్రీటు తెల్లగా తినేసి, మధ్యలో తుప్పు మరక శాశ్వతంగా ఉండిపోతుంది.

ఇప్పుడు అసలు తలనొప్పి. పెచ్చు తీయడం కన్నా తీశాక తుప్పు పట్టకుండా చూడటం కష్టం. యాసిడ్‌లోంచి తీసిన ఇనుము ఒళ్ళు తెరుచుకుని ఉంటుంది, చూస్తూ ఉండగానే నారింజ రంగు తిరుగుతుంది. నీళ్ళతో కడిగి, వంటసోడా నీళ్ళలో ముంచి, చివర్లో చేయి పట్టలేనంత వేడినీళ్ళు పోస్తే ఇనుమే వేడెక్కి దానంతట అదే ఆరిపోతుంది, మూలల్లో హీట్ గన్ పట్టాలి, చల్లారేలోపు నూనె బట్టతో తుడవాలి, రంగు వేసేదైతే నూనె వద్దు. ఇదంతా నేను ఇంట్లో లాండ్రీ సింక్ దగ్గర చేస్తాను, చలి గ్యారేజీలో చేయనే చేయను, కారణం మంచు కరిగే రోజుల్లో మీరే చూడొచ్చు. రాత్రంతా గడ్డకట్టిన ఇనుము మీదికి బయటి నుంచి వెచ్చటి తేమ గాలి తగలగానే బల్ల, వైస్, రంపం, అన్నిటికీ చెమట పడుతుంది. రంగు కంపెనీలు ఇనుము వేడి మంచుబిందువు (గాలిలో తేమ నీటి చుక్కలుగా మారే వేడి) కన్నా కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలని రాసేది అందుకే.

దీనికి విరుగుడని గ్యారేజీలో ప్రొపేన్ హీటర్ వెలిగిస్తే ఇంకా అన్యాయం. పొగ గొట్టం లేని హీటర్‌లో కిలో ప్రొపేన్ కాలితే కిలోన్నరకి పైగా నీటి ఆవిరి పుడుతుంది, అదంతా పోయి మీ చల్లటి ఇనుము మీదే కూర్చుంటుంది. గది వెచ్చబడిందని మనం సంతోషిస్తాం, ఇనుము తడిసిపోతుంది. కార్బన్ మోనాక్సైడ్ సంగతి సరేసరి. ఎలక్ట్రిక్ హీటర్‌తో ఈ బాధ లేదు, బిల్లు బాధ ఉంది.

మ్యూరియాటిక్ యాసిడ్ గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నా. హార్డ్‌వేర్ షాపులో ఈత కొలనుల కోసం అమ్మే 31 శాతం హైడ్రోక్లోరిక్. ఇది చలిలోనూ పనిచేస్తుంది, నిమిషాల్లో తేడా కనిపిస్తుంది, ఫ్యాక్టరీల్లో పెచ్చు తీసే పద్ధతుల్లో ఇదీ ఒకటి. కానీ దాని పొగ మూత సందుల్లోంచి కూడా బయటికొస్తుంది. ఆ పొగ తగిలిన ప్రతి పనిముట్టూ, డ్రిల్ బిట్లు, కొలబద్దలు, లేత్ ఉంటే లేత్ బెడ్, అన్నీ తుప్పెక్కుతాయి. కారు కూడా అక్కడే కదా ఉండేది. వేసవిలో ఆరుబయట, గాలి వాలు చూసుకుని, ఫేస్ షీల్డ్ పెట్టుకుని, నీళ్ళలో యాసిడ్ పోస్తూ (యాసిడ్‌లో నీళ్ళు ఎప్పుడూ పోయకూడదు) చేసుకునేవాళ్ళు చేసుకోండి. ఇంటికి ఆనుకున్న గ్యారేజీలో చలికాలం తలుపులు మూసుకుని వద్దంటే వద్దు. ఏ యాసిడ్ అయినా సరే, స్ప్రింగులు, గట్టిదనం ఎక్కించిన బోల్టులు అందులో వేయకండి, హైడ్రోజన్ లోపలికి ఇంకి పెళుసుబారి విరుగుతాయి. మామూలు ఎంఎస్‌కి ఆ భయం లేదు.

సీసాల్లో అమ్మే రస్ట్ రిమూవర్ ద్రావణాలు ఎర్ర తుప్పుకి బాగుంటాయి, కానీ మిల్ స్కేల్ వాటి పని కాదు, పైగా వాటికీ వెచ్చదనం కావాలి. చాకలి సోడా నీళ్ళు, బ్యాటరీ ఛార్జర్‌తో చేసే ఎలక్ట్రాలిసిస్ కూడా తుప్పుకే తప్ప గట్టిగా పట్టిన పెచ్చుకి నాకు నచ్చలేదు.

ఇక డిస్కులు. యాసిడ్ గొడవే లేకుండా గ్రైండర్‌తో లాగించేద్దాం అనుకునేవాళ్ళు ఎక్కువ, నాలుగడుగుల ప్లేటు అయితే వేరే దారి కూడా లేదు. ముందు చెప్పిన ఆ 'స్పెషల్' ఫ్లాప్ డిస్క్, పేరు ఎందుకులెండి, ఆన్‌లైన్‌లో పది ముక్కల ప్యాక్. పెచ్చు మీద పెడితే కోయడం మానేసి జారుతుంది. గట్టి మాగ్నటైట్ మీద జారీ జారీ గ్రిట్ నున్నబడిపోయి, అక్కడక్కడా అద్దంలా మెరిసే నీలం మరకలు వదిలేసి, మెత్తటి ఇనుము బయటపడ్డ చోట మాత్రం జోరుగా తవ్వుతుంది. మనకి కావలసినదానికి సరిగ్గా తలకిందులు. వైర్ కప్ బ్రష్ ఇంకా మోసం, పెచ్చుని తీయకపోగా పాలిష్ చేసి మెరిపిస్తుంది, మెరిసింది కదా శుభ్రమైందనుకుని రంగేస్తారు. పైగా ఆ తీగలు ఊడి ఎగిరి బట్టల్లో గుచ్చుకుంటాయి, కంటి అద్దాలొక్కటే చాలవు, ఫేస్ షీల్డ్ తప్పనిసరి.

పనిచేసేది సిరామిక్ గ్రిట్ ఫైబర్ డిస్క్, 36 నంబర్, వెనక గట్టి బ్యాకింగ్ ప్యాడ్‌తో. సిరామిక్ రేణువు అరిగేకొద్దీ విరుగుతూ కొత్త అంచు తెచ్చుకుంటుంది, అందుకే నున్నబడదు, కానీ కాస్త ఒత్తిడి పెట్టాలి, ముద్దుగా తాకిస్తే అదీ జారుతుంది. మామూలు అల్యూమినియం ఆక్సైడ్ డిస్క్ కన్నా ఖరీదే, అయినా ఒకటి నాలుగింటి పని చేస్తుంది. అర మార్కు ఎందుకు కోశానంటే గీతలు లోతుగా పడతాయి, రంగుకి మంచిదే, నున్నగా కనబడాలంటే మళ్ళీ 60, 80తో తిరగాలి. దుమ్ము మాత్రం ఘోరం, చలికని తలుపు మూసుకుంటాం కాబట్టి మాస్క్ లేకుండా పెట్టొద్దు. బ్యాటరీ గ్రైండర్ వాళ్ళకి ఒక మాట, బ్యాటరీలు ఇంట్లో పెట్టుకోండి. చలికి లిథియం బ్యాటరీ నీరసంగా ఉంటుంది, సున్నా కింద ఛార్జ్ చేస్తే పాడవుతుంది కూడా.

అసలు మొత్తం తీయాలా అన్నది కూడా అడుక్కోండి. మిగ్ వెల్డింగ్‌లో (తీగ దానంతట అదే వచ్చే రకం) ఈఆర్70ఎస్-6 అనే తీగ వాడుతుంటే అందులో సిలికాన్, మాంగనీస్ ఎక్కువ కాబట్టి కొంత పెచ్చుని ఓర్చుకుంటుంది, అయినా జాయింట్‌కి అటో అంగుళం ఇటో అంగుళం డిస్క్ తిప్పితే ఆర్క్ తేడా చెవికే తెలుస్తుంది. చిటపటలు తగ్గి ఒకే తీరుగా మోగుతుంది. టిగ్ వెల్డింగ్‌కి (టంగ్‌స్టన్ మొనతో చేసేది) మాత్రం మెరిసే ఇనుమే కావాలి, బేరం లేదు. ఎర్త్ క్లాంప్ పెట్టే చోటు కూడా గోకండి, ఆ నల్ల పెచ్చు మీద క్లాంప్ పెట్టి మెషిన్‌ని తిట్టుకునేవాళ్ళు చాలామంది. మొత్తం ముక్క శుభ్రం కావాల్సింది పెయింట్, పౌడర్ కోటింగ్, లేదా బయట వానలో ఉండేవాటికే. పెద్ద పని అయితే యార్డ్‌లో పికిల్డ్ అండ్ ఆయిల్డ్ షీటు ఉందా అని అడగండి, ఫ్యాక్టరీలోనే యాసిడ్‌తో పెచ్చు తీసి నూనె రాసి ఇస్తారు, కాస్త ఎక్కువ పెట్టినా మీ వారాంతం మిగులుతుంది.

నిమ్మ ఉప్పుకి ఒక మార్కు ఎందుకు కోశానో చెప్పలేదు కదా. వాడిన నీళ్ళ వదిలింపు చికాకు. ఆకుపచ్చగా మారి బుడగలు మందగించాక అందులో వంటసోడా కొంచెం కొంచెంగా వేయాలి, ఒక్కసారి గుమ్మరిస్తే నురగ బకెట్ దాటి కాళ్ళ మీదికొస్తుంది. పొంగడం ఆగాక మీ ఊరి నిబంధన చూసుకుని పారబోయండి, వాన నీళ్ళ కాల్వలోకి మాత్రం వద్దు. అడుగున మిగిలే నల్ల బురదని ఆరబెట్టి విడిగా తీసేయాలి. ఇంకా, సంచి ఒకసారి కత్తిరిస్తే జిప్ సరిగ్గా పడదు, గ్యారేజీ తేమకి పొడి రాయిలా గట్టిపడి సుత్తితో కొట్టుకోవాల్సి వస్తుంది. వచ్చిన రోజే గాలి చొరని డబ్బాలోకి ఒంపి, పిల్లలకి అందని చోట పెట్టి, మూత మీదా పక్కనా కూడా మార్కర్‌తో పేరు రాయండి, చూడ్డానికి అచ్చం పంచదారే.